శిబిరాల లెక్కతో తేలదు: విశ్వవిద్యాలయం సమాజంతో చేసే పనిని కొలవడం ఎలా?

ఏడాదిలో ఎన్ని పరిశోధన పత్రాలు అచ్చయ్యాయి, ఎందరు పట్టాలు పుచ్చుకున్నారు అని అడిగితే ఏ విశ్వవిద్యాలయమైనా పెద్దగా తడుముకోకుండా చెబుతుంది. ఎవరూ అడగకపోయినా ఆ లెక్కలు నమోదవుతూనే ఉంటాయి. ప్రహరీ గోడ అవతలి జనంతో కలిసి ఏం చేస్తున్నారని అడిగితే మాత్రం హడావుడి మొదలవుతుంది. విభాగాలన్నిటికీ సర్క్యులర్ వెళ్తుంది. వారం తిరిగేసరికి రక్తదాన శిబిరాలు, అవగాహన ర్యాలీలు, మొక్కలు నాటిన కార్యక్రమాలు, బ్యానర్ పట్టుకుని వరసగా నిలబడ్డ ఫొటోలు ఒక ఫైల్లోకి చేరతాయి. ఫైలు చివర ఒక మొత్తం ఉంటుంది: ఇన్ని కార్యక్రమాలు, ఇంతమంది విద్యార్థులు, ఇంతమంది లబ్ధిదారులు.

ఆ మొత్తం అబద్ధమని కాదు. అడిగిన ప్రశ్నకు అది జవాబు కాదు, అంతే. కార్యక్రమం పెట్టడానికి విశ్వవిద్యాలయం ఒక్కటి చాలు. కలిసి పనిచేయడానికి మాత్రం రెండో పక్షం ఉండాలి. అందుకే లెక్కకు మూలం కార్యక్రమం కాకుండా భాగస్వామ్యం కావాలి, ఆ లెక్కలో సగమైనా అవతలి పక్షం నోటి నుంచి రావాలి. ఇది వినడానికి తేలికే. ఆచరణలో ఎక్కడెక్కడ బెడిసికొడుతుందో చూడాలంటే ముందు కొన్ని ముళ్లు విప్పుకోవాలి.

అసలు దేన్ని కొలుస్తున్నాం?

సమాజంతో పని అనే మాట కింద అరడజను రకాల పనులు గంపగుత్తగా చేరిపోతాయి. విద్యార్థులు ఖాళీ సమయంలో చేసే స్వచ్ఛంద సేవ ఒకటి. కోర్సులో భాగంగా, మార్కులతో సహా, బయటి సంస్థకున్న సమస్య మీద చేసే ప్రాజెక్టు మరొకటి. జనంతో కూర్చుని ప్రశ్నను తయారుచేసుకుని చేసే పరిశోధన వేరు, ల్యాబ్‌లో పూర్తయిన పరిశోధనను జనానికి వివరించే ఉపన్యాసం వేరు. గ్రంథాలయం, మ్యూజియం, పరీక్షా పరికరాలు బయటివారికి అందుబాటులో ఉంచడం ఇంకో రకం. కంపెనీలకు చేసే కన్సల్టెన్సీని, ప్రభుత్వ కమిటీల్లో ఇచ్చే సలహాను కూడా కొందరు ఇందులోకే లాక్కొస్తారు. వీటిలో కొన్నిటిని గంటల్లో కొలవొచ్చు, కొన్నిటిని డబ్బులో, కొన్నిటిని కథనంగా తప్ప చెప్పలేం. అన్నీ కలిపి ఒకే అంకె తీస్తే అది దేన్నీ సూచించదు.

రెండో ముడి స్థాయిది. సంస్థకు ఈ పని చేసే సత్తా ఉందా (బడ్జెట్, సిబ్బంది, పదోన్నతి నిబంధనలు) అనేది ఒక ప్రశ్న. ఏం చేసింది అనేది రెండోది. దానివల్ల బయట ఏం మారింది అనేది మూడోది. ఎక్కువ సంస్థలు మధ్యదాన్ని కొలిచి మూడోదాన్ని కొలిచినట్టు రాస్తాయి. ‘500 మంది లబ్ధి పొందారు’ అనే వాక్యం సాధారణంగా ‘500 మంది ఉన్నచోట మేం మాట్లాడాం’ అన్న దానికి మర్యాదైన రూపం.

మూడో ముడి గురించి తక్కువగా మాట్లాడతారు గానీ అసలు చిక్కు అక్కడే. ఈ కొలత ఎవరికోసం? నిధులిచ్చే సంస్థకు జవాబుదారీ కావాలి. ర్యాంకింగు సంస్థకు పోల్చదగ్గ అంకె కావాలి. విశ్వవిద్యాలయానికి తన పని ఎక్కడ కుంటుతోందో తెలియాలి. ఈ మూడూ ఒకదానితో ఒకటి పొసగవు. మార్కుల కోసం నింపే ఫారంలో వైఫల్యాన్ని ఎవరూ రాయరు. వైఫల్యం రాయని ఫారంతో ఎవరూ ఏమీ నేర్చుకోలేరు. మూడు అవసరాలకూ ఒకే ఫారం పెట్టుకుంటే గెలిచేది ఎప్పుడూ మార్కులే.

చలామణిలో ఉన్న చట్రాలు

అమెరికాలో కార్నెగీ పేరుతో ఉన్న సామాజిక భాగస్వామ్య వర్గీకరణ ఈ రంగంలో పాతకాపు. తొలి జాబితా 2006లో వచ్చింది. ఇందులో చేరడం ఐచ్ఛికం, ఫలితంలో ర్యాంకు ఉండదు. గుర్తింపు వస్తుంది లేదా రాదు. వచ్చినా శాశ్వతం కాదు, కొన్నేళ్లకు మళ్లీ దరఖాస్తు చేసుకోవాలి. జ్ఞానం, వనరులు రెండు వైపులా మారాలి, ఇద్దరికీ మేలు జరగాలి అనేది దాని నిర్వచనానికి గుండెకాయ. దరఖాస్తు అడిగే ప్రశ్నలు గమనించదగ్గవి: ఈ పనికి ప్రత్యేక కార్యాలయం ఉందా, శాశ్వత బడ్జెట్ ఉందా, అధ్యాపకుల పదోన్నతి నిబంధనల్లో దీనికి చోటుందా, భాగస్వాముల అభిప్రాయం తెలుసుకునే పద్ధతి ఉందా. అంటే ఇది ప్రధానంగా సత్తాను కొలుస్తుంది. దీని బలహీనతా అక్కడే ఉంది. దరఖాస్తు చాంతాడంత. దాన్ని శ్రద్ధగా రాయడానికి మనుషులున్న సంస్థకు, పని బాగా చేస్తున్నా రాసే దిక్కులేని సంస్థకు మధ్య తేడా ఫలితంలో కనిపిస్తుంది.

పదోన్నతి నిబంధనల ప్రశ్నను తేలిగ్గా తీసుకోకూడదు. సమాజంతో చేసిన పనికి పదోన్నతిలో సున్నా విలువ ఉన్నచోట యువ అధ్యాపకులు దాని జోలికి వెళ్లరు, వెళ్లినా రెండేళ్లకు మానేస్తారు. ఒకే ఒక్క సూచిక ఎంచుకోవాల్సి వస్తే దీన్నే ఎంచుకోవచ్చు. కాగితం మీద నిబంధన ఉందా అని అడిగి ఊరుకోకుండా, గత అయిదేళ్లలో దాని ఆధారంగా ఎందరికి పదోన్నతి వచ్చిందో అడగాలి.

విశ్వవిద్యాలయాలు తమ జ్ఞానాన్ని బయటివారితో ఎలా పంచుకుంటున్నాయో కొలవడానికి ఇంగ్లండ్‌లో కెఫ్ పేరుతో పిలిచే నాలెడ్జ్ ఎక్స్ఛేంజ్ ఫ్రేమ్‌వర్క్ ఉంది. దాని తొలి ఫలితాలు 2021లో వచ్చాయి. అది ఏడు కోణాల్లో చూస్తుంది: పరిశోధన భాగస్వామ్యాలు, వ్యాపార సంస్థలతో పని, ప్రభుత్వ, స్వచ్ఛంద రంగాలతో పని, నైపుణ్యాలు–వ్యవస్థాపకత, స్థానిక అభివృద్ధి, మేధో హక్కులు, ప్రజలతో–సమాజంతో అనుబంధం. మొదటి ఆరింటికి ఆదాయం, ఒప్పందాలు, లైసెన్సుల వంటి అంకెలు ఏటా జరిగే సర్వే నుంచి ఎక్కువగా దొరుకుతాయి. ఏడో దాని దగ్గరికొచ్చేసరికి అంకె నిలబడలేదు. కార్యక్రమాలకు వచ్చిన జనం సంఖ్య, సిబ్బంది వెచ్చించిన రోజులు సర్వేలో ఉన్నా వాటిని బట్టి నాణ్యత చెప్పలేమని తేలింది. అందుకని వ్యూహం, మద్దతు, కార్యాచరణ, ఫలితాల నుంచి నేర్చుకోవడం, నేర్చుకున్నదాన్ని అమలు చేయడం అనే అయిదు అంశాల్లో సంస్థే తనకు తాను మార్కులు వేసుకుని, వాటిని సమర్థించే కథనం రాయాలి. ప్రతిదాన్నీ లెక్కించే అలవాటున్న వ్యవస్థ కూడా ఇక్కడ కథనానికి దారి వదిలిందంటే సమస్య తీవ్రత అర్థమవుతుంది. కెఫ్‌లో నకలు చేయదగ్గ మంచి పద్ధతి మరొకటి ఉంది: పెద్ద పరిశోధన విశ్వవిద్యాలయాన్ని చిన్న కళల కళాశాలతో పోల్చకుండా, పోలిక ఉన్న సంస్థలను గుంపులుగా చేసి ఆ గుంపు లోపలే పోలుస్తారు.

బ్రిటన్‌లోని రెఫ్ అనే పరిశోధన మదింపు వేరే దారి పట్టింది. 2014లో తొలిసారిగా పరిశోధన ప్రభావానికి 20 శాతం, 2021లో 25 శాతం వెయిటేజీ ఇచ్చింది. విభాగాలు కేస్ స్టడీలు రాసి పంపుతాయి. విద్యారంగం బయట ఏం మారిందో, ఆ మార్పు ఎంత మందికి చేరిందో, ఎంత గట్టిదో నిపుణుల బృందాలు తూకం వేస్తాయి. ఇది మూడో స్థాయిని, అంటే ఫలితాన్ని, నేరుగా పట్టుకునే ప్రయత్నం. కానీ ఎంపికచేసిన మేటి ఉదాహరణలే వస్తాయి కాబట్టి సంస్థ సగటు తీరు దీన్లో కనిపించదు. మార్పు వెనుక సంస్థ సొంత పరిశోధన ఉండాలన్న షరతు వల్ల, పరిశోధనతో ముడిపడని మంచి పనికి చోటుండదు.

టైమ్స్ హయ్యర్ ఎడ్యుకేషన్ 2019లో మొదలుపెట్టిన ఇంపాక్ట్ ర్యాంకింగులు ఐక్యరాజ్యసమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాలను ఆధారం చేసుకున్నాయి. సంస్థ మొత్తం స్కోరును 17వ లక్ష్యంతో (లక్ష్యాల సాధనకు భాగస్వామ్యాలు) పాటు అది బాగా రాణించిన మరో మూడు లక్ష్యాలతో లెక్కగట్టే పద్ధతి పెట్టారు. అంటే మొత్తం జాబితాలో పక్కపక్కన ఉన్న రెండు విశ్వవిద్యాలయాలు వేరువేరు పరీక్షలు రాసి ఉండొచ్చు. ఇలాంటి ర్యాంకును చూసి సమాజంతో అనుబంధం గురించి తీర్పు చెప్పడం తొందరపాటు.

భారత్‌లో ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకింగులో అవుట్‌రీచ్ అన్న పేరుతో ఒక విభాగం ఉంది. చాలామంది దాన్ని ఈ కొలతే అనుకుంటారు. లోపలికి వెళ్లి చూస్తే అది ఇతర రాష్ట్రాల, దేశాల విద్యార్థులు, మహిళలు, ఆర్థికంగా సామాజికంగా వెనుకబడినవారు, దివ్యాంగులకు ఉన్న వసతులు అనే అంశాలను కొలుస్తుంది. లోపలికి ఎవరు రాగలిగారన్నది అవసరమైన ప్రశ్నే. సంస్థ బయటికి వెళ్లి ఏం చేసిందన్నది వేరే ప్రశ్న. ఆ రెండోది, ఉన్నత విద్యాసంస్థల నాణ్యతను మదింపు చేసే న్యాక్ మూడో ప్రమాణంలో విస్తరణ కార్యక్రమాల కింద వస్తుంది. 2017లో తెచ్చిన విధానంలో అక్కడి సూచికలు ఎక్కువగా కార్యక్రమాల సంఖ్య, పాల్గొన్న విద్యార్థుల సంఖ్య, అందుకున్న అవార్డుల చుట్టూ తిరిగాయి. ఫొటోల ఫైలు ఎక్కడి నుంచి పుట్టిందో ఇప్పుడు తెలుస్తుంది. అడిగింది సంఖ్య కాబట్టి ఇచ్చింది సంఖ్య.

జాతీయ సేవా పథకం గంటల లెక్కా అలాంటిదే. వాలంటీరు రెండేళ్లలో 240 గంటలు, అంటే ఏడాదికి 120, పూర్తిచేయాలన్నది నిబంధన. గంటలు నిబంధనతోనే ఖరారైనప్పుడు ‘మా విద్యార్థులు ఏడాదిలో 12,000 గంటలు సేవ చేశారు’ అంటే వందమంది పేర్లు నమోదయ్యాయని మాత్రమే తెలుస్తుంది. అంతకు మించి ఆ అంకెలో సమాచారం లేదు. ఉన్నత విద్యాసంస్థలను గ్రామాలతో కలిపే కేంద్ర పథకం ఉన్నత్ భారత్ అభియాన్‌లో దత్తత తీసుకున్న గ్రామాల సంఖ్యనూ ఇలాగే చదవాలి. అది పనికి మొదలు, ఫలితం కాదు.

ఐరోపా సమాఖ్య నిధులతో 2018లో మొదలైన టెఫ్సీ ప్రాజెక్టు ఈ గొడవలన్నీ చూసి ర్యాంకింగునే పక్కన పెట్టింది. బోధన, పరిశోధన, సేవ, విద్యార్థుల చొరవ, యాజమాన్యం తీరు వంటి ఏడు పార్శ్వాలను 20 ఉపాంశాలుగా విడగొట్టి, ఒక్కోదానికి మార్కు బదులు రంగుల పటంలో తీవ్రత చూపిస్తుంది. సంస్థ ఆధారాలు సేకరించాక బయటి విశ్వవిద్యాలయాల వాళ్లు, సమాజ ప్రతినిధులు వచ్చి కూర్చుని చర్చిస్తారు. పని నిజంగా సమాజ అవసరం నుంచి పుట్టిందా, ప్రచారం కోసం చేసిందా అని నేరుగా అడగడం దీని ప్రత్యేకత. పోలిక పట్టికలు కావాలనే వాళ్లకు ఇది నచ్చదు. నేర్చుకోవాలనే సంస్థకు ఇంతకంటే మేలైన నమూనా దొరకడం కష్టం.

ఒకే పని, రెండు లెక్కలు

ఒక ఊహాజనిత ఉదాహరణ తీసుకుందాం. రసాయనశాస్త్ర విభాగం దగ్గర్లోని ఒక వాడలో 40 బోర్ల నీటిని పరీక్షించింది. ఫ్లోరైడ్ ఎంతుందో చూడటం లక్ష్యం. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. అరవైమంది విద్యార్థులు రెండు రోజులు తిరిగి నమూనాలు తెచ్చారు. వాడ జనాభా 2,000.

ఫైలు లెక్కలో ఇది ఇలా పడుతుంది: కార్యక్రమం 1, విద్యార్థులు 60, లబ్ధిదారులు 2,000. విద్యార్థుల్లో కొందరు సేవా పథకం వాలంటీర్లు కాబట్టి వాళ్ల యూనిట్ కూడా ఇదే పనిని తన నివేదికలో రాసింది. ప్రారంభ సభకు పర్యావరణ క్లబ్ బ్యానర్ కట్టింది కాబట్టి వాళ్లూ రాశారు. సంస్థ మొత్తంలో కార్యక్రమాలు 3, విద్యార్థులు 180, లబ్ధిదారులు 6,000 అయ్యాయి. ఎవరూ అబద్ధం ఆడలేదు, మొత్తం మాత్రం మూడింతలైంది.

ఇదే పనిని భాగస్వామ్యంగా నమోదుచేస్తే ప్రశ్నలు మారతాయి. ఏ బోర్లను పరీక్షించాలో ఎవరు నిర్ణయించారు? వాడవాళ్లు దంతాలకు మచ్చలొస్తున్నాయని చెప్పిన వీధుల్లోవా, బస్సు ఆగే రోడ్డుకు దగ్గరగా ఉన్నవా? నలభై ఫలితాల్లో ఎన్ని బోరు యజమానులకు తిరిగి చేరాయి, ఎన్ని రోజుల్లో, ఏ రూపంలో? అంకెల పట్టిక ఇచ్చి వచ్చారా, ‘ఈ నీరు తాగొద్దు, వాడుకకు పరవాలేదు’ అని అర్థమయ్యేలా చెప్పారా? పరిమితి దాటిన బోర్లున్న ఇళ్లు ఆర్నెల్ల తర్వాత తాగునీటికి ఏ నీరు వాడుతున్నాయి? రెండో ఏడాది పరీక్షకు ఎవరైనా వెళ్లారా? వాడ తరఫున మాట్లాడిన మనిషి పేరు, ఫోను నంబరు ఇప్పటికీ విభాగం దగ్గర ఉన్నాయా?

ఈ ప్రశ్నలకు జవాబు ‘తొమ్మిది ఇళ్లకు మాత్రమే ఫలితం చేరింది’ అని రావచ్చు. ఫైలు లెక్కలో ఇది 2,000 నుంచి 9కి పడిపోవడం. పని మెరుగుపరచుకునేవాళ్లకు మాత్రం ఎక్కడ తెగిందో చెప్పే మొదటి పనికొచ్చే అంకె ఇదే.

ఇంకో చిక్కు ఉంది. ఏడాది తర్వాత ఆ వాడలో బోరు నీళ్లు తాగేవాళ్లు తగ్గారనుకుందాం. ఈలోగా ప్రభుత్వం కుళాయి లైను కూడా వేసి ఉంటుంది. ఘనత ఎవరిది? మావల్లే అని రాసుకోవడం తేలిక, నిరూపించడం అసాధ్యం. ఇలాంటిచోట మూడు వాక్యాలు రాస్తే చాలు: ఏం మారింది, ఆ మార్పుకు ఇంకెవరెవరు కారణం, మా పని లేకుంటే ఏది ఆలస్యమయ్యేది. మూడో వాక్యం భాగస్వామి చెప్పాలి, విభాగం కాదు. కుళాయి లైను కోసం పెట్టిన అర్జీకి ఆ పరీక్ష ఫలితాలు జతచేశామని వాడవాళ్లు చెబితే అది గట్టి ఆధారం.

రిజిస్టరు ఎలా ఉండాలి

మొదట కావాల్సింది డ్యాష్‌బోర్డు కాదు, ఒక రిజిస్టరు. స్ప్రెడ్‌షీటు చాలు. ఒక్కో వరస ఒక్కో భాగస్వామ్యం. ప్రతిదానికీ ఒకే గుర్తింపు సంఖ్య. ఏ విభాగం, ఏ క్లబ్ దానికింద ఏం చేసినా అదే సంఖ్యతో నమోదు చేయాలి. మూడింతల లెక్క అక్కడే ఆగిపోతుంది.

వరసలో ఉండాల్సినవి ఎక్కువేం కాదు. అవతలి సంస్థ లేదా బృందం, వాళ్ల తరఫు మనిషి, మొదలైన తేదీ, చివరిసారి కలిసిన తేదీ, పని ఎవరి ప్రతిపాదనతో మొదలైంది, నిర్ణయాల్లో వాళ్ల స్థాయి, ఇరువైపులా పెట్టిన డబ్బు, సమయం, అనుబంధంగా ఉన్న కోర్సు లేదా పరిశోధన, తిరిగి ఇచ్చిన ఫలితం, ఆ తేదీ, ఆగిపోతే కారణం. చివరి గడిని అందరూ ఖాళీగా వదిలేస్తారు. నిజానికి రిజిస్టరులో అన్నిటికంటే విలువైన సమాచారం ఆ గడిలోనే దొరుకుతుంది.

నిర్ణయాల్లో స్థాయి అన్నదానికి, పౌరుల భాగస్వామ్యాన్ని అంచనా వేయడానికి షెర్రీ ఆర్న్‌స్టీన్ 1969లో ప్రతిపాదించిన ఎనిమిది మెట్ల నిచ్చెన ఆధారంగా పనికొస్తుంది. పౌరుల పేరు వాడుకోవడం నుంచి పౌరుల చేతికే అధికారం రావడం దాకా అందులో మెట్లున్నాయి. రిజిస్టరుకు అంత సూక్ష్మత అక్కర్లేదు. చెప్పారు, అడిగారు, కలిసి నిర్ణయించారు, వాళ్లే నడిపారు అనే నాలుగు స్థాయిలు చాలు. స్థాయిని విభాగం ఒకసారి, భాగస్వామి ఒకసారి విడివిడిగా గుర్తించాలి. రెండింటి మధ్య తేడానే ఒక సూచిక. విభాగం ‘కలిసి నిర్ణయించాం’ అని రాసినచోట భాగస్వామి ‘మాకు చెప్పారు’ అని రాస్తే, ఇక సంతృప్తి సర్వే చేయాల్సిన అవసరమే ఉండదు.

లెక్కపెట్టే నియమాలు ముందే రాసి ఉంచుకోకపోతే ఏటా వివాదమే. మనుషులూ హాజరులూ వేరు. పన్నెండు వారాలు నడిచిన తరగతికి వారానికి 25 మంది వస్తే 300 హాజరులు, మనుషులు మాత్రం 25 మందే కావచ్చు. రెండూ రాయండి, ఒకదాన్ని రెండోదాని పేరుతో రాయకండి. ప్రయాణం, తయారీ గంటలు కలపాలా వద్దా అన్నది ఎలా నిర్ణయించినా పరవాలేదు, అన్ని విభాగాలకూ ఒకటే ఉండాలి. లబ్ధిదారు అనాలంటే ఆ మనిషికి చేతికి ఏదో అందిందని చూపించగలగాలి: సేవ, ఫలితం, శిక్షణ, సామగ్రి. ర్యాలీని బాల్కనీలోంచి చూసినవాళ్లు లబ్ధిదారులు కారు.

సూచికలు పది దాటితే ఎవరూ చూడరు. నిలబడేవి కొన్ని చెప్పుకోవచ్చు. మూడేళ్లు దాటి కొనసాగుతున్న భాగస్వామ్యాల శాతం. భాగస్వామి ప్రతిపాదనతో మొదలైన పనుల శాతం. నిర్ణీత గడువులో ఫలితం తిరిగి ఇచ్చిన పనుల శాతం. గడువు ఎంతన్నది సంస్థే పెట్టుకోవాలి, 60 రోజులు సహేతుకం. సమాజంతో ముడిపడిన కోర్సులు మొత్తం కోర్సుల్లో ఎంత శాతం, వాటిలో చదివిన విడివిడి విద్యార్థులు ఎంతమంది. ప్రాజెక్టు బడ్జెట్‌లో భాగస్వామి చేతికి వెళ్లిన వాటా. విభాగాల మధ్య పంపిణీ: మొత్తం భాగస్వామ్యాల్లో సగం ఒకే విభాగానివైతే అది సంస్థ బలం అనుకోవడం భ్రమ. ఆ విభాగంలో ఒక్క మనిషి పదవీ విరమణ చేస్తే అంతా కూలిపోతుంది.

శాతాలు ఇచ్చినప్పుడు హారం రాయడం మరిచిపోకూడదు. నాలుగు భాగస్వామ్యాల్లో మూడు కొనసాగితే 75 శాతం, నలభైలో ముప్పై కొనసాగినా 75 శాతమే.

అవతలి గొంతు వినడం

భాగస్వాముల సర్వేలు చాలావరకు పొగడ్తల పుస్తకాలుగా మిగులుతాయి. వచ్చే ఏడాది సాయం ఆగిపోతుందేమోనన్న భయం ఉన్నవాళ్లు అయిదుకు అయిదే వేస్తారు. పైగా ఫారం ఇచ్చేది సాధారణంగా ఆ ప్రాజెక్టు నడిపే అధ్యాపకుడే. ముందు ఆ పని వేరేవాళ్ల చేతికి ఇవ్వాలి. ప్రాజెక్టుతో సంబంధం లేని కార్యాలయం లేదా బయటి సంస్థ ఫోన్లో మాట్లాడి రాసుకోవడం మేలు. భాగస్వాములు అయిదారుగురే ఉన్నచోట పేర్లు గోప్యంగా ఉంచుతామని మాటివ్వకండి. ఎవరేం అన్నారో చదివినవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది.

తృప్తిగా ఉన్నారా అని అడగడం దండగ. జరిగిన సంగతులు అడగాలి. చివరి సమావేశంలో ఏం మాట్లాడాలో ఎవరు నిర్ణయించారు? మీరు వద్దన్నందువల్ల మారిన పని ఏదైనా ఉందా? ఈ ఏడాది మా విద్యార్థులకు పని చూపించడానికి మీవాళ్ల సమయం ఎంత పోయింది? మీరు అడిగి మేం చేయనిది ఏమిటి? మూడో ప్రశ్న చాలాచోట్ల కళ్లు తెరిపిస్తుంది. ఇద్దరు ఉద్యోగులున్న చిన్న స్వచ్ఛంద సంస్థకు ప్రతి సెమిస్టరూ ముప్పైమంది కొత్త విద్యార్థులను పంపితే, వాళ్లకు పని నేర్పడంలోనే ఆ సంస్థ పని కుంటుపడుతుంది. విశ్వవిద్యాలయం రిజిస్టరులో అది సేవగా నమోదవుతుంది, అవతలి లెక్కలో ఖర్చుగా.

కొనసాగుతున్నవాళ్లనే అడిగితే జవాబులు ఎలాగూ బాగుంటాయి. బాగాలేనివాళ్లు ఎప్పుడో వెళ్లిపోయారు. గత మూడేళ్లలో ఆగిపోయిన భాగస్వామ్యాల్లో కొన్నింటినైనా వెతికి పట్టుకుని మాట్లాడాలి. ఇది ఇబ్బందికరమైన పని, అందుకే దీన్ని విధిగా ప్రణాళికలో రాసుకోవాలి.

అంకెలు ఎక్కడ పట్టిస్తాయి

సమాచారం చేరాక తనిఖీ చేయడానికి పెద్ద సాఫ్ట్‌వేర్ అవసరం లేదు. తేదీల వారీగా కార్యక్రమాలను వరసపెట్టి చూడండి. నివేదిక గడువుకు ముందు నెలలో గుట్టగా పేరుకుంటే, పని నివేదిక కోసం జరుగుతోందని అర్థం. హాజరు అంకెలు చూడండి. 50, 100, 200 తప్ప 37, 64 లాంటివి కనిపించకపోతే ఎవరూ లెక్కపెట్టలేదు. ఒకే రోజు, ఒకే చోట జరిగిన పనులు మూడు పేర్లతో ఉన్నాయేమో చూడండి. ఒక కార్యక్రమాన్ని ప్రారంభం, అవగాహన సభ, ర్యాలీ, ముగింపు అని నాలుగుగా విడగొట్టడం సంఖ్యకు మార్కులున్న ప్రతిచోటా కనిపించే విద్య. నమోదైన భాగస్వామ్యాల్లో పదో వంతును యాదృచ్ఛికంగా ఎంచుకుని అవతలివాళ్లకు ఫోన్ చేయండి. ‘ఆ కార్యక్రమమా, గుర్తులేదండీ’ అన్న జవాబులు ఎన్ని వచ్చాయో నివేదికలో రాయండి.

దీనికి వ్యతిరేక దిశలోనూ తప్పు జరుగుతుంది. నిజంగా లోతైన పని తరచూ నమోదే కాదు. పదేళ్లుగా ఒక చేనేత సహకార సంఘంతోనో, మానసిక ఆరోగ్య బృందంతోనో పనిచేస్తున్న అధ్యాపకురాలు దాన్ని తన పరిశోధనలో భాగమనుకుంటారు గానీ కార్యక్రమం అనుకోరు. సర్క్యులర్‌కు ఆమె జవాబివ్వరు. ఏడాదికోసారి సర్క్యులర్ పంపే బదులు విభాగానికి ఒక మనిషి వెళ్లి అరగంట మాట్లాడితే ఇలాంటివి బయటపడతాయి. అదే వ్యక్తి ప్రతి ఏడూ వెళ్తే ఇంకా బయటపడతాయి.

కొలతకయ్యే ఖర్చును కూడా లెక్కలో వేసుకోవాలి. ముఖ్యంగా అవతలివాళ్ల ఖర్చును. ఒకే స్వచ్ఛంద సంస్థకు మూడు విభాగాలు, అంతర్గత నాణ్యతా విభాగం, ర్యాంకింగు సెల్ విడివిడిగా ఫారాలు పంపడం మామూలే. రిజిస్టరులో ఒకే గుర్తింపు సంఖ్య ఉంటే ఒకే ఫోన్‌కాల్‌తో అందరి అవసరం తీరుతుంది. ఏడాదికి గంటకు మించి భాగస్వామి సమయం తీసుకోకూడదని నియమం పెట్టుకుంటే, ఏ ప్రశ్నలు నిజంగా అవసరమో తేల్చుకోక తప్పదు.

తొలి ఏడాది అన్ని విభాగాలతో మొదలుపెట్టకుండా, మూడు విభాగాలతో, పాతిక భాగస్వామ్యాలతో మొదలుపెట్టడం మంచిది. అంకెలు పాత ఫైలు కంటే చాలా తక్కువ వస్తాయి. యాజమాన్యానికి ఈ సంగతి ముందే చెప్పకపోతే మొదటి నివేదికతోనే కథ ముగుస్తుంది. పోలిక పాత లబ్ధిదారుల సంఖ్యతో కాకుండా ఇదే రిజిస్టరు రెండో ఏడాదితో ఉంటుందని రాతపూర్వకంగా ఒప్పించుకోవాలి.

నివేదిక ముసాయిదా తయారయ్యాక అది మొదట వెళ్లాల్సింది పాలక మండలికి కాదు, అందులో పేర్లున్న భాగస్వాములకు. వాళ్ల భాషలో, వాళ్లకు సంబంధించిన పేజీ మాత్రమే, రెండు వారాల గడువుతో పంపండి. అంకె తప్పంటే సరిచేయండి. విభాగం ఒప్పుకోకపోతే రెండు అంకెలూ పక్కపక్కన అచ్చువేసి, ఏది ఎవరిదో రాయండి.